పోస్టులో వచ్చిన సల్సా

సార్నియా
2 అక్టోబర్ 2022

చిన్నమ్మకు,

ఇది వర్షిణి రాస్తున్న మొదటి ఉత్తరం. నీకు మొదటిదని కాదు, నా జన్మలోనే మొదటిది. పదో తరగతిలో లీవ్ లెటర్ రాశాక మళ్లీ కాగితం మీద ఎవరికీ ఏమీ రాయలేదు. ఫోన్ వద్దు, ఉత్తరమే రాయమని నువ్వు ఎందుకు పట్టుబట్టావో నాకింకా అర్థం కాలేదు. స్టాంపు ఏ మూలన అంటించాలో నేనూ స్పందనా యూట్యూబ్‌లో చూసి తెలుసుకున్నాం. స్పందన నా రూమ్మేట్, గుంటూరమ్మాయి. "మీ చిన్నమ్మ నిజంగా కెనడాలోనే ఉందా, లేక పాతకాలంలో ఉందా?" అని అడుగుతోంది.

నువ్వు అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబులు. తింటున్నాను. క్లాసులకు వెళ్తున్నాను. జాకెట్ కొన్నాను. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ దొరికింది, బస్సు దొరకడమే కష్టంగా ఉంది. నాతో వచ్చిన వాళ్లలో సగం మంది ఇంకా రెజ్యూమెలు పట్టుకొని ప్లాజాల చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి నేను అదృష్టవంతురాలినే.

ఇక అసలు సంగతి, మా ఇల్లు. ఆరుగురం అమ్మాయిలం ఉంటున్నాం. ఇంటామె పేరు అల్తాగ్రాసియా. అంత పేరుకు మాకు నోరు తిరగక అల్తా ఆంటీ అంటున్నాం. అరవై ఆరేళ్ల మనిషి. ఆమెది డొమినికన్ రిపబ్లిక్. అదెక్కడుందో నాకూ తెలియదు, ఆమే మ్యాపు తెచ్చి వేలు పెట్టి చూపించింది. ఇక్కడి కెమికల్ ప్లాంటులో పనిచేసే ఆయన్ను పెళ్లి చేసుకొని ఎప్పుడో వచ్చేసింది. ఆయన పోయి ఆరేళ్లయింది.

మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి ఇల్లు కూలిపోతోందేమో అనుకున్నాను. ఢమఢమ డ్రమ్ములు, పైన బూరలు, ఒకాయన గొంతు చించుకొని పాడుతున్నాడు. కిందికి పరుగెత్తుకొస్తే అల్తా ఆంటీ నైటీలో, తలకు గుడ్డ కట్టుకొని, మాప్ కర్రను నడుము దగ్గర పట్టుకొని హాలంతా తిరుగుతోంది. వాళ్ల దేశంలో శనివారం ఇల్లు కడిగేది ఇట్లాగేనట. వీధి మొత్తం పాటలు పెడుతుందట, ఎవరి పాట పెద్దగా వినిపిస్తే వాళ్లిల్లు అంత శుభ్రమని లెక్కట.

"నిలబడి చూస్తున్నావేంటి?" అని నాకొక చీపురు ఇచ్చింది. ఊడవడానికి అనుకున్నాను. కాదు. దాంతో డాన్స్ చేయాలట. దాన్ని సల్సా అంటారు.

చిన్నమ్మా, నేను ఇరవై మూడేళ్లొచ్చి చీపురుతో డాన్స్ చేశాను. ఇంత నవ్వు నాకు ఇండియా వదిలాక రాలేదు. అమ్మకు చెప్పకు. లోన్ తీసుకొని పంపిస్తే చీపురు పట్టుకొని గంతులేస్తోందని జగిత్యాల మొత్తం అనుకుంటుంది.

నీ
వర్షిణి


కనాటా
13 అక్టోబర్ 2022

బిడ్డా వర్షీ,

ఉత్తరం అందింది. స్టాంపు సరైన మూలనే అంటించావు, కవరు మాత్రం బువ్వతో అతికించినట్టుంది.

మొదట తిట్టు. చదువుకోవడానికి వచ్చిన పిల్లవు, శనివారం పొద్దున అసైన్‌మెంట్లు చేసుకోవాలి. తిట్టు అయిపోయింది.

ఇక ఉత్తరం ఎందుకంటే, మా అబ్బాయి మహీధర్ వాంకూవర్‌కు చదువుకు పోయే ముందు నా ఫోన్‌ను టీవీకీ కారుకూ ఏదో కలిపి పోయాడు. నాకెవరు ఫోన్ చేసినా ఇల్లంతా మోగుతుంది, ఎవరేం మెసేజ్ పంపినా టీవీ మీద పడుతుంది. అది సరిచేయగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే. ఆయనకు వినబడకూడదనే కదా నా బాధ. మా ఉత్తరాల డబ్బా వీధి చివర ఉంటుంది. తాళం నా దగ్గరే. మీ చిన్నాయన అంతదూరం రాడు.

ఎందుకు రాడంటే, నీకొక మాట చెబుతున్నాను, కడుపులో పెట్టుకో. జూన్‌లో ఆయన ఉద్యోగం పోయింది. వాళ్ల టీమ్ మొత్తాన్ని ఒక్క మీటింగులో తీసేశారు. ఇరవై రెండేళ్ల నుంచి టెలికాం తప్ప ఇంకోటి తెలియని మనిషి. నేను అక్కకు కూడా చెప్పలేదు, ఆయన చెప్పొద్దన్నాడు. బేస్‌మెంట్‌లో కూర్చొని పాత మిషన్లు విప్పుతాడు, బిగిస్తాడు. తిండికి పైకి వస్తాడు, మళ్లీ దిగిపోతాడు. మొన్న బతుకమ్మకు కూడా రాలేదు. "సార్ యాడ?" అని అందరూ అడిగితే కాల్‌లో ఉన్నాడని చెప్పాను. చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది.

ఆయనకు భయం ఒక్క ప్రశ్నంటేనే. ఎవరింటికి పోయినా నీళ్లిచ్చే లోపలే "ఇప్పుడెక్కడ చేస్తున్నారు?" అంటారు కదా. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి మనుషులనే తప్పించుకుంటున్నాడు. ఉద్యోగం ఇవాళ కాకుంటే రేపు వస్తుంది. మనిషి ఇట్లాగే కిందికి దిగిపోతే పైకి ఎట్లా తేవాలన్నదే నా భయం. ఒక్కసారి నలుగురి మధ్యకు వచ్చి నవ్వితే చాలు, అంతకన్నా నేనేమీ కోరడం లేదు.

నువ్వు రాస్తూ ఉండు. నీ చీపురు ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

చిన్నమ్మ

తాజా కలం: ఊరికే అడుగుతున్నాను. ఆ డాన్స్‌లో మొదట ఏ కాలు వేస్తారు?


సార్నియా
31 అక్టోబర్ 2022

చిన్నమ్మా,

చిన్నాయన సంగతి చదివి కాసేపు ఏడ్చాను. తర్వాత నీ తాజా కలం చదివి నవ్వాను. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి, నేనేం చేయను?

నిన్న ఆదివారం అల్తా ఆంటీ వాళ్లవాళ్లు లండన్ నుంచి వచ్చారు. ఇంగ్లండ్‌లో లండన్ కాదు, ఇక్కడికి గంట దూరంలో ఉన్న లండన్. పన్నెండు మంది వస్తే సోఫాలన్నీ గోడకు జరిపేశారు. వాళ్లింట ఎవరైనా వస్తే మొదటి పని అదేనట. మనం చాపలు పరుస్తాం, వాళ్లు ఉన్నవి తీసేస్తారు. వంటింట్లో పెద్ద గుండిగ, దాంట్లో ఏడు రకాల దుంపలూ మాంసమూ కలిపి ఉడుకుతున్నాయి. ఒక మూల బల్ల మీద డొమినోలు, ఆ చుక్కల ముక్కల్ని కొట్టే చప్పుడుకు అది ఆటో కొట్లాటో తెలియలేదు.

వాళ్లకొక పద్ధతి ఉంది చిన్నమ్మా, నాకు చాలా నచ్చింది. ఎవరూ కూర్చొని ఉండకూడదు. ఎవరైనా చెయ్యి చాపితే లేవాలి. కాదంటే తిట్టినంత తప్పు. ఎనభై ఏళ్ల అవ్వ మనవడితో చేస్తుంది, మామ కోడలితో చేస్తాడు, పొరుగాయన పొరుగామెతో చేస్తాడు. పాట అయిపోగానే దండం పెట్టినట్టు తలూపి ఎవరి కుర్చీకి వాళ్లు. ఒక పాట అంటే ఒక పాటే, అందులో ఇంకే అర్థమూ లేదు. స్పందన ముందు హడలిపోయింది. "ఇలా చేతులు పట్టుకుంటే మా ఊళ్లో శుభలేఖలు వేయించేస్తారే" అంది. ఆఖరికి ఐదుగురు ఆంటీలతో చేసింది.

మీరు కూడా మీ డాన్స్ చూపించండి అన్నారు. ఆరుగురం ఏం చేయాలో తెలియక గుండ్రంగా నిలబడి బతుకమ్మ చప్పట్లు మొదలుపెట్టాం. రెండు నిమిషాల్లో పన్నెండు మందీ చక్రంలో కలిసిపోయి వంగి లేచి చప్పట్లు కొడుతున్నారు, వాళ్ల పాటకే.

సల్సా మీదేనా అని అల్తా ఆంటీని అడిగాను. "మెరెంగే మాది, బచాతా మాది. సల్సా పక్కవాళ్ల దగ్గర పుట్టింది గాని మా ఇంట్లో తిని పెరిగింది" అంది. వాళ్ల పేటలో కిరాణా కొట్టు ముందు సాయంత్రమైతే కుర్చీలు వేసేవాళ్లట. అప్పూ అక్కడే, బీరూ అక్కడే, డాన్సూ అక్కడే. వాళ్లాయన్ను మొదటిసారి అక్కడే డాన్స్‌కు లేపిందట, సెలవులకు వచ్చిన తెల్లాయన, కర్రలా నిలబడ్డాడట.

నీ ప్రశ్నకు జవాబు. ఎడమ కాలు ముందుకు. కుడి కాలు ఉన్నచోటే ఒకసారి తొక్కు. ఎడమ కాలు మళ్లీ మొదటి చోటికి. ఆగు. ఇప్పుడు కుడి కాలు వెనక్కి. ఎడమ ఉన్నచోటే. కుడి మళ్లీ మొదటి చోటికి. ఆగు. ఇంతే సల్సా, మిగతాదంతా నడుము చూసుకుంటుంది. నా పాదాలు కాగితం మీద పెట్టి గీసి పంపుతున్నాను.

నీ
వర్షిణి


కనాటా
19 నవంబర్ 2022

వర్షీ,

పాదాల బొమ్మ అందింది. బొటనవేలి గోరు తీసుకో.

ఇక్కడ మంచు పడింది. మీ చిన్నాయన మంచు తోడటానికి కూడా చీకటి ఉండగానే బయటికి పోతున్నాడు, పొరుగువాళ్లు పలకరించకుండా.

మా పక్కింటి ఆమె నిన్ను కొన్ని సందేహాలు అడగమంది. ఆమెకు డాన్స్ అంటే ఇష్టం. ఒకటి, ఆగు అన్నావు, ఎంతసేపు ఆగాలి? రెండు, నడుము దానంతట అది చూసుకుంటుందన్నావు. ఆమె నడుము చూసుకోవడం లేదు, ఏం చేయాలి? మూడు, చీర కట్టుకొని చేయవచ్చా? నాలుగు, ఇద్దరు చేసేటప్పుడు చేతులెక్కడ పెట్టాలి?

తొందరేమీ లేదు. ఈ వారంలో రాస్తే చాలు.

చిన్నమ్మ


సార్నియా
27 నవంబర్ 2022

చిన్నమ్మా,

మీ పక్కింటి ఆమె చీర కట్టుకుంటుందా? మొన్నటిదాకా మీ పక్కింట్లో ఉన్నది పోలండ్ ముసలాయన కదా?

సరే, పక్కింటి ఆమెకే చెప్పు. ఆగడమంటే ఒక్కసారి చప్పట్లు కొట్టినంతసేపు. నడుమును తిప్పాలని చూస్తే తిరగదు, మోకాలు కొంచెం వంచితే అదే తిరుగుతుంది. చీర కట్టుకోవచ్చు, కుచ్చిళ్లు మాత్రం బెత్తెడు పైకి. చేతుల సంగతి: కుడి చెయ్యి ఎదుటి మనిషి వీపు మీద, భుజానికి కొంచెం కింద పెట్టాలి. ఎడమ చేత్తో వాళ్ల కుడి చెయ్యి పట్టుకొని కళ్ల ఎత్తుకు లేపాలి. తిప్పాలనుకుంటే ఆ చెయ్యి పైకెత్తి గుమ్మం లాగా పట్టుకో, వాళ్లే కింది నుంచి తిరుగుతారు. నెట్టకూడదు. అల్తా ఆంటీ నా మీద అరిచేది దీనికే. "చెయ్యి తోయదు, చెయ్యి కబురు చెబుతుంది" అంటుంది.

నేనూ స్పందనా రోజు మార్చి రోజు అల్తా ఆంటీతో చేస్తున్నాం. ఈ నెల నుంచి స్టూడెంట్లకు పనిగంటల పరిమితి ఎత్తేశారు కాబట్టి ఇద్దరమూ షిఫ్టులు పెంచుకున్నాం, అయినా శనివారం పొద్దున మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. మేనేజరుకు శనివారం మా ఇంట్లో పూజ ఉంటుందని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

నీ
వర్షిణి


కనాటా
14 జనవరి 2023

బిడ్డా,

పక్కింటి ఆమెను నేనే. నీకు ముందే తెలుసని నాకూ తెలుసు.

రోజూ మధ్యాహ్నం వాషింగ్ మిషన్ గదిలో తలుపు వేసుకొని చేస్తున్నాను. వంటింట్లో చేస్తే కిటికీలోంచి వీధికి కనబడతాను. ఫోన్లో పాట చిన్నగా పెట్టుకొని, మిషన్ ఆన్ చేస్తాను, చప్పుడు వినబడకుండా. మొదటి నెల నా కాళ్లు నా మాట వినలేదు. ఇప్పుడు వింటున్నాయి. నలభై ఎనిమిదేళ్లకు వచ్చిన విద్య, నాకు నేనే ముచ్చటగా అనిపిస్తున్నాను, ఎవరికైనా చూపించుకోవాలని ఉంది.

పోయిన వారం మంగళవారం ఏమైందో విను. గది సరిగ్గా బేస్‌మెంట్ మీద ఉంటుంది. నేను మంచి ఊపులో ఉన్నాను, తలుపు కొట్టిన చప్పుడు. పాట ఆపి తీస్తే మీ చిన్నాయన, చేతిలో పానా.

"ఏందే ఈ చప్పుడు? వారం సంది వింటున్న. మిషన్ ఖరాబైనట్టుంది" అన్నాడు.

"అవును, ఖరాబైంది" అన్నాను. ఇంకేమంటాను?

"మూడు దెబ్బలు కొడుతుంది, ఆగుతుంది. మల్ల మూడు కొడుతుంది, ఆగుతుంది. డ్రమ్ము బ్యాలెన్స్ తప్పింది" అని మిషన్ పక్కకు జరిపి మొత్తం విప్పాడు. రెండు రోజులు చేశాడు. బంగారంలాంటి మిషన్. నట్లు తుడిచి, కాళ్ల కింద రబ్బరు పెట్టి, రసమట్టం పెట్టి వాలు చూసి, మూడో రోజు "ఇగ చూడు, చప్పుడు రాదు" అని చేతులు తుడుచుకున్నాడు. ముఖంలో కొంచెం వెలుగొచ్చింది. దాన్ని ఆర్పడం ఇష్టం లేక నేను వారం రోజులు డాన్స్ మానేశాను.

వర్షీ, నేను నేర్చుకున్నది ఆయన కోసమే. మీ అల్తా ఆంటీ వాళ్ల పద్ధతి చదివినప్పుడే అనుకున్నాను. ఎవరూ కూర్చొని ఉండకూడదని పట్టుబట్టే జనం మధ్యకు ఈయన్ను ఒక్కసారి తీసుకుపోతే ఎట్లుంటుందని. మన అసోసియేషన్ వాళ్లయితే మొదలు ఉద్యోగం అడుగుతారు. ఈయన అక్కడికి ఎప్పటికీ రాడు. నా ఆశ ఎంత పిచ్చిదో నాకు తెలుసు, అయినా నాకు వేరే దారి తోచడం లేదు.

చిన్నమ్మ


సార్నియా
12 మార్చి 2023

చిన్నమ్మా,

గంతులేస్తూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

అల్తా ఆంటీ చెల్లెలు మిలాగ్రోస్ మీ ఆటవాలోనే ఉంది. తూర్పు వైపు ఓర్లియన్స్‌లో, మీ ఇంటికి నలభై నిమిషాలు. ఏప్రిల్ పదిహేను శనివారం ఆమె మనవరాలికి బాప్తిస్మం, మధ్యాహ్నం ఇంట్లో పార్టీ. అల్తా ఆంటీ రెండు రైళ్లు మారి వస్తోంది. నీ సంగతి మొత్తం ఆమెకు చెప్పేశాను, క్షమించు. ఆమె వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి స్పానిష్‌లో అరగంట మాట్లాడి, "మీ చిన్నమ్మా చిన్నాయనా రావాలి. రాకపోతే నేనే కనాటా వెళ్లి తెచ్చుకుంటా" అంది.

నాకు రావాలని ప్రాణం పీకుతోంది. కాని ఆ సోమవారమే ప్రాజెక్టు ప్రెజెంటేషన్, మంగళవారం పరీక్ష. ఆ రోజు జరిగింది నువ్వు ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

నీ
వర్షిణి


కనాటా
29 మార్చి 2023

వర్షీ,

ఒప్పించాను. సగం.

మీ అల్తా ఆంటీ రైలు దిగి వస్తుంది, నీకోసం ఊరి నుంచి అక్క పంపిన సకినాలూ పచ్చళ్లూ ఆమెకు అందించాలి, నేను హైవే మీద కారు నడపలేను అని చెప్పాను. పదిహేనేళ్ల నుంచి నడుపుతున్న మనిషిని. ఆయన నన్నే చూశాడు.

"దింపుత. నేను కార్ల కూసుంట. లోపలికి రమ్మనకు" అన్నాడు.

"సరే" అన్నాను. కారు దాకా వస్తే మిగతాది దేవుడు చూసుకుంటాడు. మన దేవుడు కాకపోతే వాళ్ల దేవుడు.

ఆకుపచ్చ చీర తీసిపెట్టాను. కుచ్చిళ్లు బెత్తెడు పైకి కట్టి రోజూ ఆయన నిద్రపోయే గంటలో హాలులో చేస్తున్నాను. సోఫా దిండును పట్టుకొని తిప్పడం కూడా వచ్చింది. ఎంత భయంగా ఉందో అంత సంబరంగా ఉంది.

చిన్నమ్మ


సార్నియా
10 ఏప్రిల్ 2023
ఎక్స్‌ప్రెస్ పోస్ట్

చిన్నమ్మా, కొంప మునిగింది.

ముందు కూర్చో. ఫోన్ చేశాను, నువ్వు స్నానంలో ఉన్నావట, చిన్నాయన ఎత్తాడు. నాతో పది నిమిషాలు వాషింగ్ మిషన్ గురించి మాట్లాడాడు. ఆయనకు చెప్పలేక, పెట్టేయలేక, నీళ్లు నమిలి పెట్టేశాను. మెసేజ్ పెడితే టీవీలో వస్తుంది. అందుకే ఇది.

నిన్న ఈస్టర్. అల్తా ఆంటీ చిక్కుడు గింజలతో పాయసం చేసింది, నిజంగానే, పాలు, కొబ్బరి, కిస్‌మిస్, చిలగడదుంప వేసి. రెండు గిన్నెలు తిన్నాను. వాళ్ల మేనల్లుడు వచ్చి నాకు చెయ్యి చాపాడు. పద్ధతి ప్రకారం లేచాను. పాట మొదలైంది. నేను ఎడమ కాలు ముందుకు వేశాను. అతనూ ఎడమ కాలు ముందుకు వేశాడు. మోకాలూ మోకాలూ ఠకీమని తగిలి ఇద్దరం పాయసం గిన్నెల మీద పడబోయాం. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. అతను నా వీపు మీద చెయ్యి పెడితే నేనూ అతని వీపు మీద చెయ్యి పెట్టాను. గది మొత్తం పొట్ట పట్టుకొని నవ్వింది.

అల్తా ఆంటీని నిలదీశాను. ఆమె ఏ మాత్రం సిగ్గుపడకుండా చెప్పింది. "మా ఆయన పోయాక నన్ను తిప్పేవాళ్లు లేరు. ఈ ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఈ వయసులో నేను మగవాడి అడుగు వేయాలా? అందుకే మీ అందరికీ మగవాడి అడుగు నేర్పాను." అంటే ఆరు నెలల నుంచి మేం ఆరుగురం ఆమెకు మొగుళ్లం.

నీకు నేను నేర్పింది కూడా అదే. నువ్వు నేర్చుకున్నదంతా మగవాళ్ల వంతు. ఆడవాళ్లు కుడి కాలు వెనక్కి వేసి మొదలుపెట్టాలి. అక్కడ చిన్నాయన ముందు, అంతమంది ముందు నువ్వు ఆయన్ను పట్టుకొని తిప్పితే ఎవరైనా నవ్వితే, ఆయన మళ్లీ ఎప్పుడైనా బయటికి వస్తాడా? తప్పంతా నాది. నాకు నిద్ర పట్టడం లేదు. దయచేసి డాన్స్ చేయకు. సకినాలిచ్చి వచ్చేయి.

వర్షిణి


కనాటా
17 ఏప్రిల్ 2023

బిడ్డా వర్షీ,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం అందింది. డబ్బా దగ్గరే నిలబడి చదివాను. అక్కడి మంచుగడ్డ మీదే కూర్చున్నాను. ఒక్క రోజుంది. కుడి కాలు వెనక్కి వేసి చూశాను, ఐదు నెలలు ఒకటి నేర్చిన కాలు ఇంకోటి వినలేదు. సాయంత్రం దాకా ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. జూన్ నుంచి ఈ ఇంట్లో ఏ పనికైనా ముందు అడుగు నాదే. ఎవరికేం చెప్పాలో నాదే, ఎక్కడికి పోవాలో నాదే. ఇప్పుడు ఆయన చెయ్యి చాపేదాకా ఆగితే నేను ముసలిదాన్నవుతాను. పోనీ, మగవాడి అడుగే వేస్తాననుకున్నాను.

ఇక శనివారం. ఆ ఇంటి ముందు కారాపగానే పాట వీధి దాకా వినబడుతోంది. ఆయన సీటు వెనక్కి వంచి కళ్లు మూసుకున్నాడు. నేను సకినాల డబ్బా పట్టుకొని లోపలికి పోయాను. అల్తా ఆంటీ నన్ను చూసిన వెంటనే గుర్తుపట్టి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది, తర్వాత నా వెనక చూసింది. "ఆయనేడి?" అంది. కార్లో ఉన్నాడన్నాను.

ఆ మాటకు ఎవరో పాట తగ్గించారు. కార్లో మనిషా? మన ఇంటి ముందా? మిలాగ్రోస్ ఒక పళ్లెం నిండా అన్నం, మాంసం, వేయించిన అరటికాయ పెట్టుకొని బయలుదేరింది. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, ఆ వెనక పాపను ఎత్తుకొని బాలింత, ఆ వెనక టోపీ పెట్టుకున్న రఫాయెల్ అనే ఎనభై ఏళ్ల పెద్దమనిషి. అందరూ కారు చుట్టూ చేరి అద్దం మీద కొడుతున్నారు. మీ చిన్నాయన కళ్లు తెరిచి చూశాడు. పోలీసులొచ్చినా అంత భయపడడు. డోరు తెరిచి పాపను నేరుగా ఆయన ఒళ్లో పెట్టేశారు. పాప ఒళ్లో ఉంటే డోరు లాక్ చేసుకోలేడు కదా, దిగాడు.

లోపల కూర్చోబెట్టారు. నేను ఎదురుగా నిలబడి ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను. ఒకామె అడిగింది, "అన్నం సరిపోయిందా?" ఇంకొకామె అడిగింది, "పిల్లలెంతమంది?" రఫాయెల్ అడిగాడు, "డొమినో ఆడతావా?" మిలాగ్రోస్ అడిగింది, "డాన్స్ వచ్చా?" అరగంట చూశాను వర్షీ. ఒక్కరు కూడా ఎక్కడ పనిచేస్తున్నావని అడగలేదు. ఆయనా గమనించాడు. భుజాలు కొంచెం కిందికి దిగాయి.

అప్పుడు పోయి ఆయన ముందు చెయ్యి చాపాను.

"ఏంది?" అన్నాడు.

"లే."

"నాకేం రాదే."

"రాకున్నా ఏం గాదు. నువ్వేం జెయ్యకు. నేను యాడికి పొమ్మంటే ఆడికి పో. తిరుగు అన్నప్పుడు తిరుగు."

కాదంటే ఇక్కడ తిట్టినంత తప్పని చెవిలో చెప్పాను. లేచాడు. నేను కుడి చెయ్యి ఆయన వీపు మీద పెట్టాను, ఎడమ చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా ఎడమ కాలు ముందుకు వచ్చింది, ఆయన కాలు దానంతట అదే వెనక్కి పోయింది. మూడు అడుగులు, ఆగు. మూడు అడుగులు, ఆగు. నాలుగోసారికి ఆయన నా ముఖంలోకి చూశాడు.

"సరోజనా," అన్నాడు మెల్లగా, "మిషన్ మంచిగనే ఉండె కదా."

"మంచిగనే ఉండె" అన్నాను.

నవ్వాడు. బిడ్డా, పది నెలల తర్వాత ఆ నవ్వు చూశాను. నాకు కళ్లనీళ్లు కారిపోతున్నా అడుగు తప్పలేదు. చెయ్యి గుమ్మం లాగా ఎత్తాను, ఆయన తల వంచుకొని కింది నుంచి తిరిగాడు, ఆరడుగుల మనిషి, నా జడ ఊడిపోయింది. నువ్వు భయపడినట్టే అందరూ నవ్వారు. చప్పట్లు కొడుతూ నవ్వారు, ఆయన కూడా వాళ్లతోనే నవ్వాడు. ఇంకోసారి తిప్పు అని ఆయనే అడిగాడు.

పాట అయిపోగానే అల్తా ఆంటీ నన్ను లాక్కుపోయింది. తిప్పే మనిషి దొరికిందని ఆమె సంబరం. ఆ తర్వాత వరసగా ఏడుగురు ఆడవాళ్లను తిప్పాను. అక్కడి మగవాళ్లు కొందరు నా మీద గుర్రుగా ఉన్నారు. ఇటు ఆయన ఖాళీగా ఉంటే మిలాగ్రోస్ తల్లి, తొంభై ఏళ్ల అవ్వ, ఆయన చెయ్యి పట్టుకొని తిప్పింది. ఆయనకు తిరగడం మాత్రమే వచ్చు కాబట్టి తిప్పిన వాళ్లందరి చేతా తిరిగాడు.

నాలుగున్నరకు పోదామా అని వెతికితే డొమినో బల్ల దగ్గర ఉన్నాడు, చొక్కా చేతులు మడిచి, ముక్కల్ని వాళ్లకన్నా గట్టిగా కొడుతున్నాడు. నేను వెనక నిలబడ్డాను. నన్ను చూడలేదు. రఫాయెల్ ముక్కలు కలుపుతున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనే ఇంగ్లీషులో, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "నాకు ఉద్యోగం లేదు. పోయి పది నెలలైంది."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ మనిషి ఇంత పెద్ద మాట ఒకరికి చెప్పగా నేను వినలేదు. నాకు తప్ప ఇంకెవరికీ చెప్పని మాట, అది కూడా నాకు ఒక్కసారే చెప్పిన మాట.

రఫాయెల్ టోపీ సర్దుకొని, ముక్కలు పంచుతూ, "అయితే వచ్చే శనివారం కూడా ఖాళీయే కదా?" అన్నాడు.

మీ చిన్నాయన తన ముక్కలు తీసుకొని, "ఖాళీయే" అన్నాడు.

చిన్నమ్మ